శివారు యంత్రమునకు దారి

విజయవాడ కార్యాలయములలో ఒక కంప్యూటరునందలి ఫైళ్లను పలువురు నెట్‌వర్కు ద్వారా వాడుకొనుచుందురు. ముందు వచ్చినవారికి దొరకి, తరువాతివారికి దొరకనిచో తీగ తెగినదని మనము భ్రమపడుదుము. కాలువ నిండుగా పారుచున్నను, తూము తన కొలతకు మించి నీటిని విడువదు గదా! విండోస్ ఎక్స్‌పీ ప్రొఫెషనల్ ఒకేసారి 10 యంత్రములకే చోటిచ్చెడిది. విండోస్ 10, 11 లు 20 యంత్రములకే యిచ్చును.

మేము సూచించు మొదటి పని యిది: ఆ కంప్యూటరునకు 'నెట్ సెషన్' అను ఆజ్ఞ నిచ్చినచో ఎవరు చేరియున్నారో, ఎంతసేపు పనిలేక యున్నారో తెలియును. అట్టి సంబంధమును త్రెంపినచో చోటు కలుగును. త్రెంపుటకు ముందు వారినడుగుడు. భద్రపరుపని లెక్కలు చేజారవచ్చును.

నిత్యము 20కి మించినచో లైనక్సుపై సాంబాను నెలకొల్పుట మేలు. అందు 'మ్యాక్స్ కనెక్షన్స్' విలువ 0 అయినచో సంఖ్యకు హద్దు లేదు. అప్పుడు శివారు బల్లకును ఫైలు అందును.