తాతకు ట్రాక్టర్ బురద తెచ్చిపెట్టాలా?

సివిల్ వాళ్లకి ఇండస్ట్రియల్ విజిట్ అంటే డ్యామో, సిమెంట్ ఫ్యాక్టరీయో అనుకుంటాం. మా థర్డ్ ఇయర్ బ్యాచ్‌ని మాత్రం మురుగునీటి శుద్ధి కేంద్రానికి తీసుకెళ్లారు. ముక్కు మూసుకునే బస్సు దిగాం. తిరిగి తిరిగి చివర్లో ఒక గుట్ట దగ్గర ఆగాం. నల్లగా, చెమ్మగా, చెరువు మట్టిలా ఉంది. వాసన కూడా పెద్దగా లేదు. "శుద్ధి చేసిన స్లడ్జ్. మంచి ఎరువు. కావాలంటే ట్రాక్టర్ తెచ్చుకోండి, ఫ్రీ" అన్నాడు అక్కడి ఆపరేటర్.

సాయంత్రం ఫోన్‌లో తాతకు చెప్పాను. తాతకు నాలుగు బర్రెలు, ఇరవై గుంటల్లో సూపర్ నేపియర్ గడ్డి. "యూరియా కోసం లైన్ల నిలబడి కాళ్లు గుంజుతున్నయ్‌రా. ఒక ట్రిప్పు కొట్టిద్దామా?" అన్నాడు. "రెండు రోజులు ఆగు తాతా, చదివి చెప్తా" అన్నాను. ఆ రెండు రోజుల చదువే ఈ వ్యాసం.

ముందు ఈ బురద ఎక్కడిదో చూద్దాం. మురుగునీటిలోకి గాలి ఊదితే బ్యాక్టీరియా అందులోని మలినాలను తిని పెరుగుతుంది. ఆ బ్యాక్టీరియా గుంపులే అడుక్కి దిగి బురద అవుతాయి. దాన్ని గాలి తగలని డైజెస్టర్‌లో దాదాపు 35 డిగ్రీల దగ్గర రెండు మూడు వారాలు మగ్గబెడతారు. మీథేన్ వస్తుంది, వాసన తగ్గుతుంది, రోగక్రిములు చాలావరకు చస్తాయి. అన్నీ చావవు, అది గుర్తుంచుకోవాలి. తర్వాత సెంట్రిఫ్యూజ్‌లో నీళ్లు పిండేస్తారు.

దీన్ని ఎరువుగా వాడటం కొత్తేమీ కాదు. అమెరికాలోని మిల్వాకీ నగరం 1926 నుంచి తన బురదను ఎండబెట్టి 'మిలోర్గనైట్' పేరుతో అమ్ముతోంది. మొదట కొన్నది ఎక్కువగా గోల్ఫ్ మైదానాల వాళ్లే. గడ్డికే ఎందుకంటే, గడ్డి వేర్లు దట్టంగా అల్లుకుని నత్రజనిని బాగా లాగుతాయి. ఏడాదికి చాలా కోతలు వస్తాయి. పైగా దాన్ని మనిషి నేరుగా తినడు.

ఇప్పుడు తాత ట్రాలీ లెక్క. మూడు టన్నుల బురద అనుకుందాం. పిండినా అందులో ముప్పావు వంతు నీళ్లే, అంటే పొడి పదార్థం 750 కిలోలు. నత్రజని 3 శాతం అనుకుంటే సుమారు 22 కిలోలు. అది సేంద్రియ రూపంలో ఉంటుంది కాబట్టి మొదటి ఏడాది మొక్కకు అందేది దాదాపు మూడో వంతు, అంటే 7 కిలోలు. 45 కిలోల యూరియా బస్తాలో 20 కిలోలకు పైనే ఉంటుంది. అంటే ట్రాలీడు బురద ఈ ఏడాదికి యూరియా బస్తాలో మూడో వంతుతో సమానం!

భాస్వరం సంగతి తిరగబడుతుంది. 2 శాతం లెక్కన 15 కిలోలు, అంటే ఒకటిన్నర డీఏపీ బస్తాలంత. నత్రజని సరిపోవాలని ట్రాలీల మీద ట్రాలీలు తోలితే భాస్వరం నేలలో పేరుకుపోయి, వానకు కొట్టుకుపోయి చెరువులో నాచు పెంచుతుంది.

అసలు భయం లోహాలది. డ్రైనేజీలోకి ఇళ్ల నీళ్లే కాదు, ప్లేటింగ్ షెడ్ల నీళ్లూ వస్తాయి. లోహం కుళ్లదు, ఆవిరవదు, బురదలోకే చేరుతుంది. సీసం వేరు దగ్గరే ఎక్కువగా ఆగిపోతుంది. కాడ్మియం మాత్రం ఆకుదాకా ఎక్కుతుంది, ముఖ్యంగా ఆమ్ల నేలల్లో. పశువు తింటే కాలేయం, మూత్రపిండాల్లో పోగవుతుంది. మేతకు వదిలితే గడ్డితోపాటు మట్టినీ నాకుతుంది కాబట్టి కోసి వేయడమే నయం. క్రిములు పూర్తిగా చావని రకం బురద చల్లితే 30 రోజులదాకా పశువుల్ని మేపకూడదు, మేత కోయకూడదు అని అమెరికా 1993 నిబంధనలు చెబుతున్నాయి. మన 1985 ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం సిటీ కంపోస్ట్‌లో కాడ్మియం కిలోకి 5 మిల్లీగ్రాములు దాటకూడదు.

ఆ నిబంధనలు రాసినప్పుడు పట్టించుకోనివీ ఉన్నాయి. నాన్‌స్టిక్ పూతల్లో, నీళ్లు అంటని బట్టల్లో వాడే పీఫాస్ రసాయనాలు అలాంటివే. పొలాల్లో అవి బయటపడ్డాక అమెరికాలోని మెయిన్ రాష్ట్రం 2022లో బురద చల్లడాన్నే నిషేధించింది.

ఇదంతా చదివి ఆపరేటర్‌కి ఫోన్ చేసి లోహాల రిపోర్ట్ అడిగాను. "తేమ, పీహెచ్ చూస్తాం సార్. అవి ఎవరూ అడగలేదు" అన్నాడు. ఎరువు చెడ్డదని కాదు, అందులో ఏముందో ఎవరికీ తెలియదన్నమాట.

తాతకు చెప్పాను, రిపోర్ట్ లేకుండా వద్దని. కాసేపు మాట్లాడలేదు. "మురుగునీళ్లయితే వాసనతోనే తెలుస్తది. ఇది వాసన లేదంటివి, అదే భయం. బర్రె నోరు తెరిచి చెప్పదు కదరా" అన్నాడు. ఆ తర్వాత, "పరీక్ష చేయించు. మంచిదని తేలితే తోలిద్దాం" అన్నాడు.

కిలో శాంపిల్ తెచ్చి హాస్టల్‌లో పెట్టుకున్నా, రూమ్‌మేట్ తిడుతున్నాడు. మన ల్యాబ్‌లో పీహెచ్ చూడొచ్చు కానీ కాడ్మియం కొలిచే యంత్రం లేదు. ఎక్కడైనా చేయించగలిగితే చెప్పండి. తాత ప్రతి ఆదివారం అడుగుతూనే ఉన్నాడు.