డెబ్బదిరెండింట ఒక వంతు: నమూనా యుద్ధవిమాన నిర్మాణము

1939 సెప్టెంబరు 3వ తేదీన బ్రిటన్ జర్మనీపై యుద్ధము ప్రకటించినది. మూడు దినములు గడచిన పిమ్మట, 6వ తేదీ ఉదయమున, శత్రువిమానములు వచ్చుచున్నవన్న హెచ్చరికపై బయలుదేరిన బ్రిటిష్ స్పిట్‌ఫైర్ చోదకులకు ఆకాశమున కొన్ని విమానములు కనబడినవి. వారు వాటిని శత్రువులవని తలచి కాల్పులు జరిపిరి. రెండు విమానములు కూలినవి. ఒక యువచోదకుడు మరణించెను. కూలిన రెండును బ్రిటిష్ వారివే అయిన హరికేన్ విమానములు.

స్పిట్‌ఫైర్, హరికేన్ రెండును ఒకే ఇంజను, మొండెము అడుగున అమర్చిన ఒకే జత రెక్కలు గల విమానములు. నేలపై పక్కపక్కన నిలిపినచో వాటి భేదము పసిపిల్లలకును తెలియును. కాని గంటకు వందల మైళ్ళ వేగముతో పోవువానికి దూరమున ఒక నల్లని ఆకారము మాత్రమే కనబడును. దానిని గుర్తింపవలసినది క్షణములలో. అందుచేత ఆకారమును అన్ని వైపులనుండియు ముందుగనే కంటికి అలవాటు చేయవలసి వచ్చినది. ఇందుకు పటములు చాలవు. చేతితో త్రిప్పి చూడదగిన నమూనాలు కావలెను. 1942లో అమెరికా నౌకాదళము ఇట్టి నమూనాలు 5 లక్షలు కావలెనని ఆ దేశపు ఉన్నత పాఠశాలల విద్యార్థులనే కోరినది. విద్యార్థులు చెక్కను చెక్కి, నునుపు చేసి, నల్లరంగు పూసి వాటిని తయారు చేసిరి. కొలతలో తప్పిన నమూనా తప్పు పాఠము నేర్పును; కావున కొలత సరిచూచిన పిమ్మటనే వాటిని స్వీకరించెడివారు.

నేడు నమూనా విమానములు చేయువారు వినోదమునకే చేయుదురు. అయినను మంచి నమూనాకు గీటురాయి నాటిదే: అది అసలు వస్తువును గూర్చి నిజము చెప్పవలెను. ఆ నిజమును చెప్పించుటలో గణితము, భౌతికశాస్త్రము, రసాయనశాస్త్రము మూడును ఎట్లు పనిచేయునో చూతము.

కొలతల లెక్క

నాటి విద్యార్థులు అనుసరించిన ప్రమాణము 1/72. నేటికిని ఇది ఎక్కువ వాడుకలో ఉన్నది. చూచుటకు వింతసంఖ్యవలె తోచినను, అడుగులు అంగుళముల లెక్కలో దీని మూలము తెలియును. 6 అడుగులకు 72 అంగుళములు. కావున నమూనాలో ఒక అంగుళము అసలు విమానమున 6 అడుగులతో సమానము. ఆరడుగుల మనిషి అంగుళమెత్తు బొమ్మ అగును.

స్పిట్‌ఫైర్ తొలిరకమునకు రెక్కల విస్తారము 11.23 మీటర్లు, పొడవు 9.12 మీటర్లు. వీనిని 72చే భాగించినచో 156 మిల్లీమీటర్లు, 127 మిల్లీమీటర్లు వచ్చును. అనగా నమూనా అరచేతిలో ఇముడును. అయితే పొడవులు 72వ వంతుకు తగ్గినపుడు వైశాల్యము 72 × 72, అనగా 5,184వ వంతుకు తగ్గును. ఘనపరిమాణము 3,73,248వ వంతుకు తగ్గును. సుమారు 22.5 చదరపు మీటర్ల రెక్కల వైశాల్యము నమూనాలో 43 చదరపు సెంటీమీటర్లు మాత్రమే. అసలు విమానము నిండు బరువు సుమారు 2,800 కిలోగ్రాములు. పదార్థములను, రేకుల మందమును కూడ అదే పాలున తగ్గింపగలిగినచో నమూనా బరువు ఏడున్నర గ్రాములకు మించదు. కాని అట్లు తగ్గించుట సాధ్యము కాదు. ఒక మిల్లీమీటరు మందముగల లోహపు రేకు 1/72లో 0.014 మిల్లీమీటరు కావలెను; అంత పలుచని గోడను ప్లాస్టిక్‌తో పోత పోయలేము.

ఈ లెక్కనే తలక్రిందులు చేసినచో నమూనాలోని లోపములు బయటపడును. నమూనా రెక్క వెనుక అంచు ఒక మిల్లీమీటరు మందమున్నచో అసలు విమానమున అది 72 మిల్లీమీటర్లు, అనగా దాదాపు మూడంగుళముల మొద్దు అంచు. అట్టి రెక్కతో ఏ విమానమును కట్టరు. కావుననే పనివారు రెక్క రెండు పలకలను అతికించుటకు ముందే లోపలివైపు అరగదీసి అంచును పలుచన చేయుదురు.

ఏ విమానము? ఏ దినమునాటిది?

“స్పిట్‌ఫైర్ నమూనా” అనుట చాలదు. రంగులు, గుర్తులు నెలనెలకు మారిన కాలమది. 1940 జూన్‌కు ముందు బ్రిటిష్ యుద్ధవిమానముల క్రిందిభాగము సగము నలుపు, సగము తెలుపు. ఆ నెలనుండి లేత ఆకుపచ్చ ఛాయగల ‘స్కై’ అను రంగు వచ్చినది. కావున మొదట ఒక దళమును, ఒక కాలమును ఎన్నుకొని, ఆనాటి ఛాయాచిత్రములతో సరిచూచుకొనవలెను.

తెలుగువారికి ఆసక్తి కలిగించు దళమొకటి కలదు. దాని పేరు 152వ హైదరాబాదు స్క్వాడ్రన్. నిజాము ఇచ్చిన విరాళమును పురస్కరించుకొని దానికి ఆ పేరు వచ్చినది. ఆ దళపు చిహ్నముపై నిజాము తలపాగా ఉండెడిది. 1940 వేసవిలో ఈ దళము ఇంగ్లండు దక్షిణ తీరమునకు సమీపమున ఉన్న వామ్‌వెల్ స్థావరమునుండి స్పిట్‌ఫైర్‌లతో పోరాడినది. దాని విమానముల మొండెముపై ‘యు’, ‘ఎం’ అను రెండు ఇంగ్లీషు అక్షరములు దళమునకు గుర్తు. పక్కనున్న మూడవ అక్షరము ఆ ఒక్క విమానమునకు గుర్తు.

ఆకారమును గూర్చియు కొన్ని సంగతులు గమనింపవలెను. స్పిట్‌ఫైర్ రెక్క దీర్ఘవృత్తాకారము. తొలిరకములో కుడిరెక్క క్రింద రేడియేటరు, ఎడమరెక్క క్రింద నూనెను చల్లబరచు చిన్న గొట్టపు అమరిక ఉన్నవి. రెండు వైపులు ఒకేరీతిగ ఉండవు. హరికేన్‌కు రేడియేటరు పొట్ట క్రింద నడుమ ఉండును. స్పిట్‌ఫైర్ చక్రములు రెక్కల కొనలవైపునకు ముడుచుకొనును. హరికేన్ చక్రములు లోపలికి ముడుచుకొనును. నాడు ఆకాశమున తేల్చుకొనవలసి వచ్చిన భేదములలో కొన్ని ఇవి.

అతుకు కాదు, కలయిక

నేటి నమూనాల భాగములు పాలీస్టైరీన్ అను ప్లాస్టిక్‌తో చేయబడును. వేడిచేసి కరగించిన ప్లాస్టిక్‌ను మిక్కిలి ఒత్తిడితో ఉక్కు అచ్చులోనికి ఎక్కింతురు. అది చల్లారగనే భాగములు ఒక చట్రమునకు కాడలతో అంటుకొని వెలువడును. వాటిని విరువరాదు, పదునైన కత్తితో కాడను కొంచెము దూరముగ కోసి, మిగిలిన మొటిమను ఆకురాయితోను, ఎమరీ కాగితముతోను అరగదీయవలెను. కత్తి ఎల్లపుడును వ్రేళ్ళకు ఎదురుదిశగ కదలవలెను.

పాలీస్టైరీన్‌ను అంటించు ద్రవము జిగురు కాదు; అది ద్రావణి. రెండు భాగములను దగ్గరకు చేర్చి, సందుపై కుంచెకొనతో ఒక బొట్టు తాకించినచో కేశనాళికత్వముచేత ద్రవము తనంతట తానే సందు పొడవునను ప్రాకును. అచట అది ప్లాస్టిక్ ఉపరితలమును మెత్తబరచును. పొడవైన అణువుల గొలుసులు రెండువైపులనుండి ఒకదానిలోనికొకటి చొచ్చుకొని పెనవేసుకొనును. ద్రావణి ఆవిరియైన పిమ్మట రెండు భాగములు ఒకే ముద్దయై నిలుచును. తొందరపడి మరుసటి గంటలోనే అరగదీసినచో, ఇంకను మెత్తగనున్న ఆ చోటు తరువాత కుంగి గాడి పడును. కావున ఒక దినము ఆగుట మంచిది. మిగిలిన సందులను, వడ్రంగులు చెక్కపగుళ్ళలో పెట్టు లప్పము వంటి పుట్టీతో పూడ్చి నునుపు చేయవలెను. ఈ ద్రవముల ఆవిరి నిప్పంటుకొనును, పీల్చినచో హానికరము. కిటికీలు తెరచిన గదిలోనే పని చేయవలెను.

స్పిట్‌ఫైర్ రెక్కలు కొనలవైపు సుమారు 6 డిగ్రీలు పైకి లేచియుండును. అట్టలో ఆ కోణమును కత్తిరించుకొని, ద్రావణి ఆరువరకు రెక్కల క్రింద ఆనించి ఉంచవలెను. ఈ కోణము తప్పినచో, తక్కిన పని ఎంత బాగున్నను ఎదుటనుండి చూచినపుడు అది స్పిట్‌ఫైర్‌గా కనబడదు. చోదకుని పైనుండు పారదర్శకపు కప్పుకు ఈ ద్రావణిని తాకింపరాదు, అది మసకబారును. దానికి నీటితో కలియు తెల్లజిగురు చాలును.

రంగులోని భౌతికశాస్త్రము

రంగుపూత మందము ఇరువదవ వంతు మిల్లీమీటరున్నను, 1/72 లెక్కలో అది 3.6 మిల్లీమీటర్ల పొరతో సమానము. అట్టి పూత క్రింద సన్నని గీతలు, రేకుల అతుకులు మునిగిపోవును. కావున రంగును పలుచన చేసి, అనేక పలుచని పూతలుగ వేయవలెను. గాలితో రంగు చిమ్ము సాధనము ఇందుకు అనుకూలము. దానిని మరీ దూరముగ పట్టినచో తుంపరలు దారిలోనే ఎండి ఉపరితలము గరుకగును. మరీ దగ్గరగ పట్టినచో రంగు కారును. మంచి కుంచెతో ఓపికగ వేసినవాడును చక్కని ఫలితము పొందగలడు.

మొదట బూడిదరంగు అస్తరు వేయవలెను. ఒకే రంగు క్రింద గీతలు, పుట్టీ లోపములు స్పష్టముగ కనబడును. తరువాత క్రిందిభాగమునకు స్కై, పైభాగమునకు ముదురు మట్టిరంగు, దానిపై ముదురు ఆకుపచ్చ పట్టీలు. రెండు రంగులు కలియు హద్దు అసలు విమానమున రెండంగుళముల మేర లీనమైనదనుకొన్నను, నమూనాలో అది 0.7 మిల్లీమీటరు మాత్రమే.

ఇచట ఒక చిక్కు కలదు. అసలు విమానపు రంగునే తెచ్చి నమూనాపై పూసినను అది ముదురుగ తోచును. విమానమును మనము ఎండలో చూతుము. నమూనాను గదిలోని మసక వెలుతురున చూతుము. అంతియేగాక 30 సెంటీమీటర్ల దూరమునుండి చూచిన 1/72 నమూనా, 21.6 మీటర్ల దూరమునుండి చూచిన విమానమంత కోణమునే కంటికి చూపును. దూరము పెరిగిన కొలది గాలిలోని ధూళి వెలుతురును చెదరగొట్టి రంగులను పాలిపోజేయును. ఈ కారణములచే కొందరు పనివారు రంగులో కొంచెము తెలుపు కలుపుదురు. ఎంత కలుపవలెనన్న విషయమున వారిలో వారికే ఏకాభిప్రాయము లేదు. కన్నే ఇచట కొలబద్ద.

గుర్తులు, మెరుగులు

వలయాకారపు గుర్తులు, దళాక్షరములు జిగురు కాగితముపై పలుచని పొరగ అచ్చువేయబడి వచ్చును. నీటిలో తడిపినచో జిగురు కరగి పొర జారును. దానిని కుంచెతో నెట్టి తగినచోట నిలుపవలెను. గరుకు ఉపరితలముపై అతికించినచో గుంటలలో గాలి చిక్కుకొనును. పొరకును గాలికిని నడుమ వెలుతురు పరావర్తనము చెంది, గుర్తు చుట్టును వెండివలె తెల్లగ మెరయును. అందుచేత ముందుగ మెరుగు వార్నీషు వేసి ఉపరితలమును నునుపు చేసి, గుర్తులు అతికిన పిమ్మట మెరుపులేని వార్నీషుతో అంతయు కప్పుదురు.

తుదకు మిక్కిలి పలుచని నల్లరంగును గీతలపై తాకించినచో, మరల కేశనాళికత్వమే దానిని గీత వెంట నడిపించును. రెక్కల ముందంచున ఎనిమిది తుపాకుల రంధ్రములను కప్పు ఎర్రని గుడ్డముక్కలను మరువరాదు. దుమ్ము, చలి లోపలికి పోకుండ వాటిని అంటించెడివారు; తుపాకి ప్రేలగనే అవి చిరిగిపోవును. గుడ్డలు చెక్కుచెదరని నమూనా యుద్ధమునకు బయలుదేరుచున్న విమానమును చూపును; చిరిగినవి తిరిగివచ్చిన విమానమును చూపును. రెంటిలో ఏది చూపదలచినదియు పనివాడు ముందే నిర్ణయించుకొనవలెను. ఇంజను పొగచారలు, తుపాకుల మసి ఆ నిర్ణయమునకు అనుగుణముగ ఉండవలెను.

పాఠశాలలో ఈ పని చేయదలచినవారికి కొనుగోలు సామగ్రియే ఉండనక్కరలేదు. నిష్పత్తులు తెలిసిన విద్యార్థులు మెత్తని చెక్కతోనో, పొరలుగ అతికించిన అట్టతోనో స్పిట్‌ఫైర్, హరికేన్ ఆకారములను 1/72లో చేయవచ్చును. రెంటికిని నల్లరంగు పూసి, తరగతి గదిలో 10 మీటర్ల దూరమున దారముతో వ్రేలాడదీసినచో అవి 720 మీటర్ల దూరమునందలి విమానములగును. రెండు క్షణములు చూపి, ఏది ఏదియో చెప్పుమని అడుగవలెను. మొదటి దినమున ఎందరో పొరబడుదురు. 1939 సెప్టెంబరు ఉదయమున ఆ పొరపాటు ఎంత సులభమైనదో, దానిని తప్పించుటకు కొలత ఎంత అవసరమో, ఏ ఉపన్యాసమును చెప్పలేనంత స్పష్టముగ ఆ రెండు చెక్కముక్కలే విద్యార్థులకు చెప్పును.