కొన్న గాజు తొట్టి చేపలకు ఇల్లు కావాలంటే

పండుగకో, పుట్టినరోజుకో పిల్లల ముచ్చట తీర్చడానికి కొనే అక్వేరియం సాధారణంగా అన్నీ అమర్చిన సెట్టుగానే ఇంటికి వస్తుంది. రెండడుగుల గాజు తొట్టి, దీపం బిగించిన ప్లాస్టిక్ మూత, చిన్న ఫిల్టర్, రంగు రాళ్లు, ఒక ప్లాస్టిక్ మొక్క. ఆ సాయంత్రమే నీరు పోసి అరడజను చేపలను వదులుతారు. రెండు వారాలు గడవకముందే చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి, ఒకటొకటిగా తేలిపోతాయి. దిష్టి తగిలిందని పెద్దలు, జబ్బు చేపలు అంటగట్టారని తక్కినవారు అనుకుంటారు. చాలా సందర్భాలలో లోపం తొట్టిలోనే ఉంటుంది. అది చూపులకు అందంగా ఉండేటట్లు తయారైన వస్తువు. దానిని ప్రాణులు బ్రతికే చోటుగా మార్చుకోవలసిన పని కొన్నవారిదే.

చేప తన మొప్పల ద్వారా అమ్మోనియాను విడుస్తుంది. తినగా మిగిలిన మేత కుళ్లినా అదే పుడుతుంది. చెరువులోని సూక్ష్మజీవులు ఈ విషాన్ని మొదట నైట్రైట్‌గా, పిదప అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తాయి. కొత్త తొట్టిలో ఆ జీవులు తగినంత ఉండవు. అవి వృద్ధి చెందడానికి 4 నుండి 6 వారాలు పడుతుంది. అంతవరకు నీరు అద్దంలా తేటగా కనిపించినా అందులో విషం ఉండవచ్చు. బళ్లారి, రాయచూరు వైపు మెట్ట గ్రామాలలో బోరు నీటినే వాడేవారికి ఇంకొక చిక్కు కలదు. అమ్మోనియా అంతే ఉన్నా, క్షారగుణం గల నీటిలోను, వేడెక్కిన నీటిలోను దాని విషప్రభావం హెచ్చుతుంది. అందుచేత నడివేసవిలో కొత్త తొట్టి ప్రారంభించకుండుటే మేలు.

కాబట్టి మొదట మార్చవలసినది ఫిల్టర్. సెట్టుతో వచ్చే ఫిల్టర్‌లో పలుచని స్పాంజి ముక్క, కొంచెం బొగ్గు ఉంటాయి. నెలకొకసారి వాటిని పారవేసి కొత్తవి వేయాలని పెట్టె మీద వ్రాసి ఉంటుంది. ఈ సలహా అమ్మకానికి మంచిదే గాని చేపలకు కాదు, ఏమంటే ఆ సూక్ష్మజీవులు కాపురముండేది ప్రధానంగా స్పాంజిలోనే. బొగ్గు తీసివేసి, ఆ చోటును ముతక స్పాంజితోను, చేపల దుకాణాలలో దొరికే పింగాణీ రింగులతోను నింపాలి. ఫిల్టర్‌లో చోటు లేకుంటే ఎయిర్ పంపుతో నడిచే స్పాంజి ఫిల్టర్‌ను అదనంగా ఒక మూల పెట్టవచ్చు, ఖర్చు స్వల్పం. స్పాంజిని కుళాయి క్రింద కడగరాదు. క్లోరిన్ వలన ఆ జీవులు చస్తాయి. తొట్టి నుండి తీసిన నీటిలోనే రెండుసార్లు పిండితే చాలు. చాలాకాలంగా నడుస్తున్న, రోగం లేని తొట్టి నుండి బంధువులెవరైనా ఒక స్పాంజి ముక్క ఇస్తే వారాల నిరీక్షణ బాగా తగ్గుతుంది. అది దొరకనివారు చేపలు లేకుండానే రోజూ చిటికెడు మేత వేస్తూ ఫిల్టర్‌ను నడపాలి. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపిన తరువాతనే చేపలను, అదీ రెండు మూడు చొప్పున, తేవాలి.

తరువాతది మూత. ఉష్ణమండల చేపలలో అధికభాగానికి 24 నుండి 28 డిగ్రీల వేడి సరిపోతుంది. బిగువైన మూత క్రింద, దీపం వేడికి, వేసవిలో నీరు ఆ హద్దు దాటుతుంది; వేడి నీటిలో ప్రాణవాయువు నిలిచేదీ తక్కువే. మూత వెనుకవైపు చీలిక కోసి, చేపలు ఎగిరిపడకుండా దోమతెర బిగించాలి. పాత ట్యూబు లైటు ఉంటే ఎల్‌ఈడీ వేసుకోవాలి. కంప్యూటర్‌లో వాడే చిన్న 12 వోల్టుల ఫ్యాను నీటిపైకి వీచేటట్లు అమర్చితే నీరు ఆవిరై రెండు మూడు డిగ్రీలు చల్లబడుతుంది. రాయచూరు పొడిగాలిలో ఇది చక్కగా పనిచేస్తుంది, యానాం ఉక్కపోతలో అంతగా పనిచేయదు. ఆవిరైన మేరకు ఆర్.ఓ. ప్లాంటు నీరు పోయాలి. బోరు నీరే పోస్తూ పోతే లవణాలు పేరుకుంటాయి.

హీటరు అందరికీ అక్కరలేదు. హోసూరు, కోరాపుట్ వంటి ఎత్తయిన చోట్ల చలికాలపు రాత్రులకు మాత్రం అవసరమే. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గల తొట్టిలో సుమారు 54 లీటర్లు పడుతుంది. లీటరుకు ఒక వాటు లెక్కన 50 వాట్లది చాలు. నీరు మార్చేటప్పుడు దానిని తప్పక ఆపాలి. నీటి బయట వెలిగితే గాజు పగులుతుంది. తీగ సాకెట్ కంటే క్రిందికి వ్రేలాడి పైకి లేచేటట్లు ఉంటే, తీగ వెంట జారిన నీరు సాకెట్‌లోకి పోదు. చేయి పెట్టేముందు అన్ని ప్లగ్గులూ తీయవలసిందే, ఇందులో బద్ధకం పనికిరాదు.

కరెంటు కోత మరొక గండం. ఫిల్టర్ గంటల తరబడి ఆగితే స్పాంజిలోని జీవులకు ప్రాణవాయువు అందదు. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి దగ్గర ఉంచుకోవాలి. ఇంటి ఎయిర్ పంపును నీటి మట్టం కంటే ఎత్తులో పెట్టాలి. లేకుంటే కరెంటు పోయినప్పుడు గొట్టం వెంట నీరు పంపులోకి దిగుతుంది.

ఇక చేపల ఎంపిక. చెన్నైలోని కొళత్తూరు వంటి రంగు చేపల కేంద్రాలకు వెళ్లినవారికి ఏది చూసినా కొనాలనిపిస్తుంది. కఠినమైన నీరు గలవారికి గప్పీ, మోలీ, ప్లాటీ అనువైనవి. నియాన్ టెట్రా మెత్తని నీటి చేప. గోల్డ్ ఫిష్ అసలు ఉష్ణమండలానిది కాదు. దాని విసర్జనా హెచ్చు. తొట్టిని శుభ్రం చేస్తుందని సెట్టుతో పాటు ఇచ్చే సక్కర్ చేప అడుగుకు మించి పెరుగుతుంది, ఈ తొట్టిలో ఇమడదు. పెరిగిన తరువాత చెరువులో వదలరాదు. అలా వదిలినవాటి సంతతి జాలరుల వలలు చింపుతూ ఆంధ్ర జలాశయాలలో ఇప్పటికే వ్యాపించింది. ఇంటికి వచ్చినదానిని చిన్నగా ఉన్నప్పుడే దుకాణానికి తిరిగి ఇచ్చి, అడుగున చేరే మడ్డిని వారానికొకసారి గొట్టంతో లాగి, పావు వంతు నీరు మార్చుకుంటే సరిపోతుంది. ఆ కొత్త నీరు కుళాయిదైతే ముందురోజే బకెట్‌లో పట్టి, మూత లేకుండా ఉంచాలి.