ఈ జన్యు పరీక్ష మీకు అవసరమేనా?

రెండుసార్లు గర్భం నిలవలేదు. మూడోసారైనా అంతా సవ్యంగా జరగాలని డాక్టర్ దగ్గరికి వెళ్తే, రక్తపరీక్షల పెద్ద చిట్టా చేతికొస్తుంది. అందులో ‘ఎంటీహెచ్ఎఫ్ఆర్’ అనే జన్యు పరీక్ష కూడా ఉండొచ్చు. రిపోర్టులో ‘పాజిటివ్’ అని చూడగానే ఇంటిల్లిపాదికీ గుబులు. లోపం తనలోనే ఉందని ఆమెకు దిగులు. నిజానికి గర్భం ఎందుకు నిలవలేదో ఆ రిపోర్టు చెప్పదు.

శరీరం ఫోలేట్‌ను వాడుకోవడంలో ఈ జన్యువుకు పాత్ర ఉంది. ఇందులోని సాధారణ మార్పులు ఏ ఇబ్బందీ లేకుండా పిల్లల్ని కన్న తల్లుల్లోనూ చాలామందికి ఉంటాయి. వీటివల్ల రక్తం గడ్డకట్టి అబార్షన్లు అవుతాయని ఒకప్పుడు అనుమానించారు. అందుకు తగిన ఆధారాలు దొరకలేదు. అందుకే పదేపదే అబార్షన్లు అవుతున్నవారికి ఈ పరీక్ష చేయించొద్దని అమెరికన్ కాలేజ్ ఆఫ్ మెడికల్ జెనెటిక్స్ అండ్ జీనోమిక్స్ 2013లోనే సూచించింది.

నష్టం ఏమిటి?

డబ్బు ఒక్కటే కాదు. ఈ రిపోర్టును నమ్ముకుని అవసరం లేని హెపారిన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టే ప్రమాదం ఉంది. వాటితో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. కారణం దొరికిందనుకుని అసలు కారణాన్ని వెతకడం మానేస్తే ఇంకా నష్టం.

ఏవి ఉపయోగం?

ఏపీఎల్ఏ యాంటీబాడీలు, థైరాయిడ్ పరీక్షలు, గర్భాశయ స్కానింగ్ ముఖ్యం. జన్యు పరీక్షలన్నీ వృథా కావు. నిలవని పిండం కణజాలంలో క్రోమోజోమ్‌ల పరీక్ష, అవసరాన్ని బట్టి దంపతులిద్దరికీ కార్యోటైప్ దారి చూపుతాయి. ఎంటీహెచ్ఎఫ్ఆర్ మార్పు ఉన్నా ఫోలిక్ యాసిడ్ పనిచేస్తుంది. గర్భానికి ముందు నుంచే రోజుకు 400 మైక్రోగ్రాములు చాలామందికి సరిపోతుంది. కొందరికి డాక్టర్ ఎక్కువ మోతాదు రాస్తారు.

చేయించుకునే ముందు అడగండి

- ఈ ఫలితంతో నా చికిత్స మారుతుందా?
- పాజిటివ్ వస్తే ఏం చేస్తారు? నెగెటివ్ వస్తే?
- ఈ పరీక్ష ఇంతకుముందే చేయించామా?

పుట్టుకతో వచ్చిన జన్యువులు ఏటా మారవు. అందుకే పాత రిపోర్టు భద్రపరిస్తే చాలాసార్లు అదే పరీక్ష మళ్లీ చేయించాల్సిన పని ఉండదు. అనుమానం ఉంటే జెనెటిక్ కౌన్సెలర్‌ను కలవండి. హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. ఇప్పటికే హెపారిన్ వాడుతుంటే మాత్రం సొంతంగా ఆపేయకండి. ఎందుకు ఇస్తున్నారో మీ డాక్టర్‌నే అడగండి.