పంట్లాము అంచు మడచుట

పెరుగు పిల్లలకు పంట్లాములు కొంత పొడవుగనే కొనుట వాడుక. వాని నింటనే కురుచ చేయు విధము నిచటఁ దెలిపెదము.

మొదట గుడ్డను తడిపి యారవేయవలెను. తడుపక కుట్టినచో, నూలుబట్ట పిదప కుంచించుకొని పంట్లాము మఱింత పొట్టియగును. పిమ్మట బాలునికిఁ దొడిగి, చెప్పులతో నిలువఁబెట్టి, మడమ వద్ద గుఱుతు పెట్టవలెను. అచ్చట లోపలికి మడచి, కచ్చాకుట్టు వేసి, రెండు కాళ్లును సరిచూడవలెను. తరువాత బట్టరంగు దారముతో, పైబట్టలో ఒక్కొక్క పోగును మాత్రమే పట్టుచు కుట్టినచో, కుట్టు వెలికిఁ గానరాదు. మన గద్వాల నేతగాండ్రు నూలుచీరకు పట్టంచును పోగుపోగునఁ గలుపుదురు; అంచుపనికి అట్టి యోర్పే కావలెను.

మిగిలిన గుడ్డను మాత్రము కత్తిరింపరాదు. రెండంగుళములు లోపల దాఁచినచో, మఱుసటి యేఁట విప్పి దింపవచ్చును. వనపర్తిలోనైనను నాగరుకర్నూలులోనైనను, బడిపిల్లల తల్లిదండ్రులకు ఆ మడతయే యొక కొత్త పంట్లాము వెల.