పుస్తకం తెరిస్తే... మీరే డైరెక్టర్!

1976లో 'సెక్రటరీ' సినిమా వచ్చింది. అక్కినేని హీరో, వాణిశ్రీ హీరోయిన్, కె.ఎస్.ప్రకాశరావు డైరెక్షన్, రామానాయుడు నిర్మాణం... ఇంకేం కావాలి? కానీ హాల్లోంచి బయటికొచ్చినవాళ్ళలో కొందరి ముఖాల్లో మాత్రం చిన్న వెలితి. వాళ్ళెవరో తెలుసా? నవల ముందే చదివేసినవాళ్ళు!

"అంతా బాగానే ఉంది గానీ... మా రాజశేఖరం ఇలా ఉండడే!"

మరి ఎలా ఉంటాడమ్మా మీ రాజశేఖరం? అని అడిగి చూడండి. ఒక్కొక్కరూ ఒక్కో పోలిక చెబుతారు. ఒకరికి అతను తమ కాలేజీ లెక్చరర్‌లా ఉంటాడు. ఇంకొకరికి ఎప్పుడో రైల్లో ఎదురు సీట్లో కూచున్న కుర్రాడిలా ఉంటాడు. యద్దనపూడి సులోచనారాణిగారు రాసింది ఒక్క రాజశేఖరాన్నే. పాఠకుల బుర్రల్లో తిరిగింది మాత్రం వేలమంది రాజశేఖరాలు!

కిటుకంతా అక్కడే ఉందండీ. సినిమా అయితే వేషాలెవరికి ఇవ్వాలో, దీపం ఎక్కడ పెట్టాలో, ఎక్కడ వీణ మోగాలో అన్నీ వాళ్ళే చూసుకుంటారు. మనం టిక్కెట్టు కొని కూచుంటే చాలు. పుస్తకం అలా కాదు. రచయిత సగం పని చేసి మిగతా సగం మన చేతిలో పెడతాడు. ఆ సగం చేసుకోవడంలోనే ఉంది మజా అంతా. ఒక్కో రకం పుస్తకం మనకి ఒక్కో పని అప్పగిస్తుంది. ఏది ఏ పని ఇస్తుందో కాస్త చూద్దాం రండి.

హీరోని ఎంచుకునేది మీరే

ముందు ప్రేమ నవలలు. 'సెక్రటరీ' 1960లలో 'జ్యోతి' మాసపత్రికలో సీరియల్‌గా వచ్చింది. మాసపత్రిక అంటే ఏమిటి? ఒక భాగం చదివాక ముప్ఫై రోజుల నిరీక్షణ! ఆ ముప్ఫై రోజులూ కథ ఎక్కడ నడిచిందనుకున్నారు? బావి దగ్గరా, బస్‌స్టాపులోనూ, పరీక్ష హాల్లోనూ నడిచింది. జయంతి ఏమంటుంది? రాజశేఖరం ఏం చేస్తాడు? పాఠకురాళ్ళే మనసులో రెండు మూడు సీన్లు రాసేసుకునేవాళ్ళు. వచ్చే సంచికలో రచయిత్రి వేరేలా రాస్తే ఆవిడ మీదే అలిగేవాళ్ళు!

ఈ అలకలన్నీ తెలుగు సినిమాకి కాసులై రాలాయి. యద్దనపూడిగారి 'మీనా', 'జీవన తరంగాలు' రెండూ 1973లోనే తెరకెక్కాయి. అంతకుముందే కోడూరి కౌసల్యాదేవిగారి 'చక్రభ్రమణం' 1964లో 'డాక్టర్ చక్రవర్తి' అయింది. ఆవిడదే 'ప్రేమనగర్' 1971లో ఎంత పెద్ద హిట్టో వేరే చెప్పాలా?

"కారూ, మేడా, ఆరడుగుల అందగాడూ... ఇదీ ఒక సాహిత్యమేనా?" అని పెద్దలు మూతి విరిచారు. నిజమే, కార్లూ మేడలూ ఉన్నాయి. కానీ జయంతిని చూడండి. ఉద్యోగం చేసుకునే పిల్ల. డబ్బున్న యజమాని ఎదుట ఆత్మాభిమానం చంపుకోని పిల్ల. చదివే అమ్మాయి సంగతేమిటి? చాలా ఇళ్ళల్లో పెళ్ళికొడుకుని తండ్రి చూసేవాడు, ముహూర్తం పంతులుగారు పెట్టేవారు, చీర అత్తగారు కొనేది. ఆ పిల్లని ఎవరూ ఏమీ అడిగేవాళ్ళు కాదు. తన ఇష్టానికి తాను ఒకణ్ణి ఎంచుకునే చోటు ఆమెకి ఆ రెండొందల పేజీల్లోనే దొరికింది. పప్పు పొయ్యి మీద పెట్టి, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, ఎవరో వస్తున్న చప్పుడైతే చప్పున చెంగు చాటున దాచేసిన ఆ అమ్మాయి దాచుకుంది నవలని మాత్రమేనంటారా? యద్దనపూడిగారు 2018లో కన్నుమూసినప్పుడు అమ్మమ్మల వయసువాళ్ళు కూడా సొంత మనిషి పోయినట్టు బాధపడ్డారంటే మరి ఊరికేనా!

హంతకుడెవరో చెప్పుకోండి చూద్దాం

డిటెక్టివ్ నవల మనల్ని ఏకంగా ఉద్యోగంలోకి తీసుకుంటుంది. కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్ పక్కన రాజు అనే అసిస్టెంటు ఉన్నాడు కదా, రెండో అసిస్టెంటు మనమే! జీతం లేదు, నిద్ర అసలే లేదు. ఆఖరి పేజీలో యుగంధర్ చెప్పేలోగా మనమే కనిపెట్టెయ్యాలి. కనిపెడితే కాలరెగరేస్తాం. కనిపెట్టలేకపోతే "అబ్బ, ఏం దెబ్బకొట్టాడ్రా!" అని ఇంకా సంతోషిస్తాం. ఓడిపోయినా ఆనందించే ఆట ఇదొక్కటేనేమో!

ఈ ఆటకి మైదానం అద్దె పుస్తకాల షాపు. అట్ట ఊడిపోయి, మూలలు మడతలు పడి, నూనె మరకలతో నిగనిగలాడే పుస్తకం. రేపు సాయంత్రంలోగా తిరిగివ్వకపోతే ఇంకో రోజు అద్దె. కాబట్టి ఒక్క రాత్రిలో పూర్తి కావాలి. ఇక్కడే కొందరు మహానుభావులు తగులుతారు. మనకంటే ముందు చదివినవాడు మొదటి పేజీలో పెన్సిలుతో 'హంతకుడు వంటవాడే' అని రాసిపెట్టి పోతాడు! ఇంకొకడు అంతకంటే ఘనుడు, ఆఖరి కాగితమే చింపేస్తాడు. ఆ చింపిన పేజీలో ఏముందో తెలియక ఏళ్ళ తరబడి కుమిలినవాళ్ళున్నారు.

ఈ డిటెక్టివుల పిచ్చి మీద మనవాళ్ళు జోకులు కూడా వేసుకున్నారు. మల్లాది వెంకట కృష్ణమూర్తిగారి 'చంటబ్బాయ్' నవలని జంధ్యాల 1986లో సినిమా తీస్తే, చిరంజీవి డిటెక్టివ్ పాండురంగారావై కడుపుబ్బ నవ్వించాడు. ఉత్కంఠకి ఇంకో దారి యండమూరి వీరేంద్రనాథ్‌గారి 'అభిలాష'. ఉరిశిక్ష ఉండకూడదని వాదించే లాయరు తానే హత్యకేసులో ఇరుక్కుంటే? ఆ ఒక్క ప్రశ్న చాలదూ పేజీలు తిప్పించడానికి? 1983లో అదీ సినిమా అయింది. మళ్ళీ చిరంజీవే!

లైటు ఆర్పాలంటే భయం

భయం పుస్తకాల సంగతి మరీ చిత్రం. సినిమాలో అయితే తలుపు కిర్రుమంటుంది, వెనక సంగీతం వణికిస్తుంది. పుస్తకంలో చప్పుడే లేదు కదా, మరి ఎందుకు భయం? ఎందుకంటే చప్పుడు మనింట్లోంచే వస్తుంది! కిటికీ రెక్క కొట్టుకుంటే కథలోదే అనుకుంటాం. కుక్క మొరిగితే కథలోదే అనుకుంటాం. రీరికార్డింగ్ మన చెవులదే.

యండమూరిగారి 'తులసిదళం' వారం వారం వస్తున్న రోజుల్లో ఒంటరిగా పెరట్లోకి వెళ్ళలేనివాళ్ళు ఎందరో! చిన్నపిల్ల తులసి మీద క్షుద్రప్రయోగం జరగడం కథ. చేతబడే నిజమా, వైద్యుల మాటే నిజమా అన్నది తేల్చుకునే పని రచయిత పాఠకుడికే వదిలేశాడు.

ఇక్కడ ఒక గట్టి మాట కూడా చెప్పుకోవాలి. ఇలాంటి రాతలు మూఢనమ్మకాల్ని పెంచుతాయని రంగనాయకమ్మగారు ఆ నవల మీద నిప్పులు చెరిగారు. ఆ విమర్శని తోసెయ్యలేం. చేతబడి చేశారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు మనమూ పేపర్లలో చూశాం కదా! భయపడ్డం సరదాయే, పుస్తకం మూశాక పక్కింటి ముసలమ్మని అనుమానంగా చూస్తేనే ప్రమాదం. సగం పని మనదే అన్నాక, సగం బాధ్యత కూడా మనదే మరి!

నవ్వు టైమింగు మీదే

హాస్యం పుస్తకంలో మీ పని డైలాగు పలకడం. ముళ్ళపూడి వెంకటరమణగారి 'బుడుగు'ని మనసులో గొంతు పెట్టి చదవాల్సిందే. పిడుగులాంటి ఆ కుర్రాడి మాటలు మన ఇంట్లో చిన్నాడి గొంతుతోనే వినిపిస్తాయి. పక్కన బాపుగారి బొమ్మలు, సీగానపెసూనాంబ... చెప్పేదేముంది! ఈ రమణగారూ బాపుగారే తర్వాత వెండితెర మీద కూడా జంట కట్టారు.

మొక్కపాటి నరసింహశాస్త్రిగారి 'బారిస్టర్ పార్వతీశం' మొదటి భాగం 1924లో వచ్చింది. నూరేళ్ళు దాటింది! మొగల్తూరు కుర్రాడు బారిస్టరు చదువుకి ఇంగ్లండు బయల్దేరతాడు. కొన్న టోపీ ఆడవాళ్ళదని తెలియక దర్జాగా పెట్టుకుంటాడు. మనం నవ్వేది అతని మీదే అనుకుంటాం. కాస్త ఆగితే మొదటిసారి మనం పెద్ద ఊరెళ్ళినప్పుడు చేసిన వెర్రిపని గుర్తొస్తుంది. పెద్ద హోటల్లో చేతులు కడుక్కోమని ఇచ్చిన నిమ్మకాయ నీళ్ళు తాగేసింది ఎవరు? చెప్పకండి లెండి, మాకు తెలుసు!

పేరు తెలియని మాంత్రికుడు

మనందరి చేతా మొదట పేజీలు తిప్పించింది 'చందమామ'. 1947 జులైలో దాన్ని మొదలుపెట్టినవారు నాగిరెడ్డి, చక్రపాణి. 'పాతాళభైరవి', 'మాయాబజార్' తీసిన విజయావారే! శరత్‌బాబు నవలల్ని తెలుగు చేసి, శరత్ తెలుగువాడే కాబోలు అని జనం అనుకునేలా చేసిందీ ఆ చక్రపాణిగారే.

'తోకచుక్క', 'మకరదేవత', 'రాతిరథం'... ఈ సీరియళ్ళకి గుండెలు చిక్కబట్టుకున్నవాళ్ళలో చాలామందికి రాసినవారి పేరు తెలియదు. ఆయన దాసరి సుబ్రహ్మణ్యంగారు. పేరు వేసుకోకుండానే తరాల పిల్లల్ని అడవుల్లో, గుహల్లో తిప్పారు. చిత్రా వేసిన బొమ్మలు కొంత చూపిస్తే, మిగతా కోటంతా మనమే కట్టుకున్నాం. ఆ సెట్టింగు ఖర్చు ఏ నిర్మాతా భరించలేడు!

ఏడిపించినా ఎందుకిష్టం?

ఇక కన్నీళ్ళు పెట్టించే పుస్తకాలు. డబ్బిచ్చి ఏడవడం ఏమిటండీ? రంగనాయకమ్మగారి 'బలిపీఠం' చదివి ఏడ్చారు, 1975లో దాసరి సినిమా తీస్తే శారదని చూసి మళ్ళీ ఏడ్చారు. కులాంతర వివాహం చేసుకున్న జంట కాపురం ఎలా చెదిరిందో చెప్పే కథ అది. మన ఇంట్లో గొంతు తగ్గించి మాట్లాడుకునే విషయాన్ని ఒకరు గట్టిగా చెబితే గుండె తేలికపడుతుంది. అదీ అందులోని సుఖం.

దాశరథి రంగాచార్యగారి 'చిల్లర దేవుళ్ళు' ఇచ్చిన ఆనందం ఇంకో రకం. నిజాం కాలపు తెలంగాణ పల్లె, దొరల గడీలు, అణగారిన జనం. ఆ మనుషులు తమ యాసలోనే మాట్లాడారు! "అరె, మా ఊరోళ్ళ మాట పుస్తకంలకెక్కింది!" అనుకున్నవాడి సంతోషం ముందు ఏ మేడా, ఏ కారూ నిలుస్తాయి? ఆ నవల కూడా సినిమాగా వచ్చింది. పుస్తకంలో మాత్రం ఆ మాటల గొంతు మనదే, మన తాతదే.

ఆఖరి రీలు

చూశారా? వేషాలు పంచడం, నేరం కనిపెట్టడం, చప్పుళ్ళు చేయడం, డైలాగు పలకడం, సెట్టింగులు వేయడం, చివరికి కన్నీళ్ళు పెట్టడం... అన్ని శాఖలూ మనవే! వీటిలో ఏది గొప్ప పని, ఏది తక్కువ పని? సంగీతం గొప్పదా, కెమెరా గొప్పదా అని అడిగినట్టుంటుంది. 'వేయిపడగలు' చదివేవారు షాడో నవల చదివే కుర్రాణ్ణి చూసి నవ్వనక్కర్లేదు. లెక్కల పుస్తకం మధ్యలో దాచుకుని చదివిన ఆ మధుబాబుగారి నవలే రేపు అతన్ని 'ఏకవీర' దాకా నడిపించవచ్చు. నడిపించకపోయినా ఆ రాత్రి అతని ఆనందం దొంగసొమ్మేం కాదు.

సందు చివర అద్దె పుస్తకాల షాపులు చాలావరకు మూతపడ్డాయి. ఆ చోట సెల్‌ఫోన్ల షాపులు వెలిశాయి. ఇప్పుడు అవే నవలల్ని ఫోనులో చదివి వినిపించేవాళ్ళున్నారు. వంట చేస్తూ వినేవాళ్ళూ ఉన్నారు. మంచిదే. చెంగు చాటున దాచాల్సిన అవసరం తప్పింది! విజయవాడలో జనవరి పుస్తకాల పండగకి వెళ్తే 'సెక్రటరీ' కోసం వెతికే చేతులు ఇంకా కనిపిస్తాయి.

ఈసారి మీకు నచ్చిన సినిమా ఏ నవలలోంచి వచ్చిందో కనుక్కుని, ఆ నవల చదవండి. తెర మీది హీరో ముఖం కాసేపు అడ్డొస్తుంది. పాతిక పేజీలయ్యాక మెల్లగా తప్పుకుంటుంది. అప్పుడు మీ రాజశేఖరం తలుపు తట్టుకుని లోపలికొస్తాడు. ఎలా ఉంటాడో మాకు చెప్పకండి. ఆ ముఖం మీది, మీ ఒక్కరిదే!