కొల్లేరు జ్ఞాపకం... క్యాసెట్ నుంచి సెల్‌లోకి!

2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరిట చేపల చెరువుల గట్లు కొట్టేస్తుంటే ఆ దృశ్యాలు టీవీల్లో వచ్చాయి. ఏలూరులోనో, తాడేపల్లిగూడెంలోనో ఎవరైనా వాటిని వీసీఆర్‌లో రికార్డు చేసుకుని ఉంటే... ఆ క్యాసెట్‌ని ఇక అటక దించాల్సిందే. టేపు ఏళ్లు గడిచేకొద్దీ పాడవుతుంది. కొత్త వీసీఆర్ కొందామన్నా, జపాన్ సంస్థ ఫునాయ్ 2016లోనే తయారీ ఆపేసింది.

పాత వీసీఆర్ దొరికితే దాన్ని వీడియో క్యాప్చర్ పరికరంతో కంప్యూటర్‌కి కలిపి క్యాసెట్ వేయాలి. మూడు గంటల టేపుకి మూడు గంటలూ ఆగాల్సిందే! అలా వచ్చిన ఫైలుని ఎంపీ4గా మారిస్తే సెల్‌లోనూ చూడొచ్చు. అప్పుడు 'డీఇంటర్‌లేస్' చేయడం మరిచిపోతే కదిలే బొమ్మల అంచులు దువ్వెన పళ్లలా కనిపిస్తాయి.

ఇలా కుదించిన ప్రతిసారీ నాణ్యత కొంత తగ్గుతుంది. అందుకే మొదటి ఫైలుని చెరిపేయొద్దు. ఎంపీ4 చూసుకోవడానికి... అసలుది దాచుకోవడానికి!